నిఖార్సైన నలుపు

"ఈ రెంటిలో ఏది పెడితే మొగోడు ఇంట్లోంచి లేచిపోకుండా కూర్చుంటాడో అది చెప్పు."

కావలి బజారులో టీవీలమ్మే మస్తాన్‌కు నవ్వొచ్చింది. రోజారమణి ముఖం చూసి ఆపుకున్నాడు. టీవీ డబ్బాల మీద కంపెనీలవాళ్ళు ఏవేవో గొప్పలు రాస్తారు గానీ, ఈ సంగతి మాత్రం ఎవరూ రాయలేదు.

"అక్కా, రెండూ ఒకటే సైజు. ఇది మామూలు ఎల్‌ఈడీ. పక్కది ఓలెడ్. అదొకటి కొనే డబ్బుకు ఇవి రెండొస్తాయి. సీరియళ్ళు, వార్తలు చూసుకునేదానికైతే నా మాట విని ఇదే తీసుకో."

"తేడా ఏంది?"

మస్తాన్ రెండింట్లోనూ ఒకటే వీడియో పెట్టాడు. చీకటి సముద్రం, దూరాన ఒక పడవ దీపం. మొదటిదాంట్లో చీకటి పొయ్యిలో బూడిదలా ఉంది. రెండోదాంట్లో అప్పుడే పట్టిన కాటుకలా ఉంది. ఆ నలుపులో దీపం ఒక్కటే మిలమిలలాడుతోంది.

"నిఖార్సైన నలుపక్కా. ఆ ధరంతా దానికే."

రోజారమణి మొగుడు చెప్పింది అచ్చం ఇదే.

గణేష్ జువ్వలదిన్నె హార్బరులో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. సాయంత్రమయ్యేసరికి చేతుల మురికి వదిలేదాకా సబ్బు రుద్ది, ఉతికిన చొక్కా తొడుక్కుంటాడు. యాడికని అడిగితే, గంగాభవాని వాళ్ళింటికి, టీవీ చూసేదానికి అంటాడు. మనకు లేదా టీవీ అంటే, గోడ మీదున్న పాత టీవీని జాలిగా చూస్తాడు.

"వాళ్ళది ఓలెడ్‌మే. దాంట్లో నలుపు నలుపుగానే ఉంటాది. ఆ బొమ్మకు అలవాటుపడినోడు దీన్ని చూడలేడు."

అదే వీధిలో ఉండే గంగాభవాని మొగుడు వినోద్ చేపల వేటకు బోటెక్కితే వారం దాటినా ఒడ్డుకు రాడు. గంగాభవాని నవ్వితే వీధి చివరిదాకా వినపడుతుంది. గణేష్‌ను 'బావా' అని పిలిచేటప్పుడు ఆ 'వా' దగ్గర ఒక సాగదీత. ఇవన్నీ తలుచుకున్నప్పుడల్లా రోజారమణికి అన్నం సయించదు. టీవీ కోసమే కదా పోతాడు, టీవీ కోసమే కదా అని తనకు తనే సర్దిచెప్పుకునేది. పోనీ ఆ టీవీ ఏపాటిదో ఒకసారి పోయి చూద్దామా అంటే, పోయిన ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు దగ్గర ఆమెతో బిందెల గొడవైనప్పటినుంచీ ఆ గడప తొక్కలేదు.

"ఇంత ఖరీదు అవసరమా అక్కా, ఇంకోసారి ఆలోచించుకో" అన్నాడు మస్తాన్.

"ఆలోచించే వచ్చినా. నలుపుదే కట్టు" అంది. వంటింటి రేకులు మార్పిద్దామని పాడుకున్న చీటీ డబ్బు, కొంగుముడి విప్పి బల్ల మీద పెట్టేసింది. వాన కురిస్తే పొయ్యి దగ్గర గిన్నెలు పెట్టుకోవచ్చు. మొగుడు జారిపోతే ఏ గిన్నె పెట్టాలి?

టీవీ వచ్చింది. గోడకెక్కింది. ఆ సాయంత్రం గణేష్ దాని ముందు కూర్చున్నాడు. రోజారమణి రొయ్యల వేపుడు పళ్ళెంలో పెట్టి తెచ్చి పక్కనే కూర్చుంది. చాలాసేపు ఓపిక పట్టి అడిగింది.

"ఎట్టుంది?"

"బాగానే ఉండాది."

"నలుపు?"

"నలుపు నలుపుగానే ఉండాదిలే. కానీ..." అంటూ రొయ్య తోక పళ్ళెం అంచున పెట్టాడు. "వాళ్ళదాంట్లో ఉన్న కళ దీంట్లో లేదుమే."

మర్నాడు సాయంత్రం మళ్ళీ సబ్బు, మళ్ళీ చొక్కా.

అతను గుమ్మం దాటగానే రోజారమణి మస్తాన్‌కు ఫోన్ చేసింది.

"దీన్ని మించింది ఇంకోటి ఉంటే దాచిపెట్టి నాకు తక్కువది అంటగట్టినావా?"

"అయ్యో, నా షాపులో దానిపైన ఇంకోటి లేదక్కా!"

"మరి ఆ గంగాభవాని ఇంట్లో ఉండేదాంట్లో కళ ఉండాదంటనే!"

"అది ఏ కంపెనీదో కనుక్కో అక్కా. నేనూ తెప్పిస్తా."

ఆ రాత్రి ఆమెకు కునుకు పట్టలేదు. తెల్లారి గణేష్ హార్బరుకు పోగానే, పంతాన్ని చెప్పులతోపాటు గంగాభవాని గడప ముందు విడిచి లోపలికి పోయింది.

గంగాభవాని అప్పుడే తలంటుకుని జుట్టు తుడుచుకుంటోంది. చూడగానే ముఖం విప్పార్చుకుని ఎదురొచ్చింది.

"రా అక్కా! ఇన్నాళ్ళకు గుర్తొచ్చినామా! కూర్చో, టీ పెడతా."

రోజారమణి కూర్చోలేదు. ఆ తడి జుట్టును చూడకూడదనుకుంటూనే చూసింది. తర్వాత గోడకేసి చూసింది. అదిగో టీవీ. దాని మీద పూలు కుట్టిన గుడ్డ కప్పి ఉంది. ఎంత గొప్పది కాకపోతే దుమ్ము పడకుండా ఇంత అపురూపంగా చూసుకుంటుంది!

"టీ వద్దులే. ఆ గుడ్డ తీసి ఒక్కసారి టీవీ పెట్టు. బొమ్మ ఎంత బాగుంటాదో చూసిపోతా" అంది, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ.

గంగాభవాని పకపకా నవ్వింది.

"ఇంకేం బొమ్మక్కా! అది కాలిపోయి మూడు నెలలాయె. బాగుచేస్తానని బావ రోజూ వస్తానే ఉండాడు గదా, నీకు చెప్పలా?"