జాడీల బేరం

కార్ఖానా పనివాళ్లకిచ్చే ఏడాది చివరి విందులో కోడి తల యూలాన్ వైపు తిరిగి ఉంది.

ఆ తల ఎవరి వైపు ఉంటే వాళ్లకి ఆ కొలువులో నూకలు చెల్లినట్టే, అది అక్కడి ఆనవాయితీ.

పళ్లెం తిప్పింది యజమాని కున్‌షాన్ స్వయంగా.

"నాలుగు నెలలకే జాడీలు తెరుద్దామంటే కుదరదంటావు. ఇది నా సోయా సాస్ కార్ఖానానా, నీ పుట్టిల్లా?"

ఇరవై ఆరేళ్లు ఆ జాడీల్లో వేలు ముంచి రుచి చెప్పిన మనిషి, ముక్క ముట్టకుండా లేచి వెళ్లిపోయింది.

ఆర్నెల్లు తిరిగేసరికి, అనాస మిఠాయి పెట్టె పట్టుకుని కున్‌షానే ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, బాగున్నావా?"

ఇరవై ఆరేళ్లలో అక్కా అనడం అదే మొదలు.

"కూర్చోండి," అంది యూలాన్, చిలగడదుంప ఆకులు తుంచుతూనే.

"రేపు తైపే నుంచి పెద్ద కంపెనీవాళ్లు సరుకు చూడ్డానికొస్తున్నారు. ఈ బేరం తప్పితే కార్ఖానా బ్యాంకు పాలే. ఇవాళొచ్చి జాడీలు కాస్త సరిచెయ్యి. మూడు వేలిస్తా."

"మూడు వేలకి జాడీలు కడిగేవాళ్లు దొరుకుతారు."

"పది వేలు."

"జబ్బేమిటో తెలీకుండా మందు ఖరీదు ఎలా చెప్పను? ఏమైంది జాడీలకి?"

కున్‌షాన్ గొంతు సవరించుకున్నాడు.

"కొన్ని పులిశాయి."

"కొన్నంటే?"

"నలభై."

"నలభై జాడీల కోసం మీరు నా గుమ్మం తొక్కరు."

"నూట ఎనభై. వెనక మూడు వరసలూ. వానల్లో పనివాళ్లు జాడీల పైన గడ్డకట్టిన ఉప్పు మూతలు పగలగొట్టి చూశారు. నీళ్లు దిగాయి."

"పగలగొట్టమంది ఎవరు?"

"నేనే."

"కాస్త గట్టిగా. ఈమధ్య సరిగ్గా వినపడట్లేదు."

"నేనే తల్లీ! నాదే తప్పు!"

పక్కింటివాళ్లు కిటికీలోంచి తొంగిచూశారు. కున్‌షాన్‌కి తల కొట్టేసినట్టయింది. యూలాన్ మొహం మాత్రం విచ్చుకుంది.

"మరి రేపు వాళ్లకేం చూపిస్తారు?"

"ముందు వరసలే. వెనకవాటిల్లో పంచదార పాకం పోసి పులుపు చంపేద్దాం. ఎంత పొయ్యాలో నీకే తెలుసు. రెండు లక్షలిస్తా, కాదనకు!"

ఏరు దాటాక బోడి మల్లన్న అనొచ్చులే అని అతని ధీమా.

"బేరం బాగానే ఉంది," అంది యూలాన్. "కానీ నేను వేరేచోట కుదిరాను. ఒకళ్ల ఉప్పు తింటూ ఇంకొకళ్ల పని చెయ్యలేను."

"ఎవరు వాళ్లు? వాళ్లిచ్చేదానికి రెట్టింపిస్తా!"

"మీ వల్ల కాదు. మిఠాయి మర్చిపోకండి."

"పోవే, నువ్వు లేకపోతే తెల్లారదా?" అని పెట్టె చంకన పెట్టుకుని విసవిసా వెళ్లిపోయాడు.

పాకం తనే కాచాడు, తనే పోశాడు. తైపేవాళ్లకి పులుపేం తెలుసు, తీపేం తెలుసు అని తనకి తనే ధైర్యం చెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నల్లకారు వచ్చి ఆగింది. మేనేజరు ముందుగా దిగి, వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"మా రుచి పరీక్షకురాలు. ఈవిడ ఊఁ అంటేనే సంతకం," అన్నాడు.

కున్‌షాన్ వంచిన నడుం ఎత్తేలోగా, కారు దిగిన యూలాన్ ముందు వరసల వంక చూడనైనా చూడకుండా నేరుగా వెనక్కి నడిచింది.