కొంగ చూసిన పోలిక

కరువు ఏట ఎండిన వాగు ఒడ్డున, రెక్క విరిగిన కౌజుపిట్ట ఆకలికి సోలి పడి ఉంది. ఏ జాతి తన బలహీనుల్ని బాగా చూసుకుంటుందో తేల్చాలని అడవంతా తిరుగుతున్న కడుపునిండిన కొంగ ఒకటి పక్కనే వాలింది.

“తేనెటీగలు పనిచేసేవాటికే పెడతాయి పిట్టమ్మా. కాకులు పిలిచి పంచుకుంటాయి. చీమలైతే మింగింది కక్కి మరీ తోటివాటికి పెడతాయి.”

“కాకులు పిలిచేది కాకుల్నే, చీమలు పెట్టేది చీమలకే. నా సంగతేంటి కొంగయ్యా? ఆ పొడుగు ముక్కుతో నాలుగు గింజలు ఏరిపెట్టరాదూ?”

“నేను పెడితే పోలిక చెడిపోదూ? నీ దగ్గరికి ముందు ఎవరొస్తారో చూడాలి.”

పొద్దు వాలేసరికి కౌజు మెడ కూడా వాలిపోయింది. ఇసుకలో నల్లటి బారు కదిలింది.

“చూశావా, చీమలే ముందొచ్చాయి,” అంది కొంగ సంబరంగా. “ఇక ఎంత సమానంగా పంచుకుంటాయో చూడు.”

కౌజు కాలు వెనక్కి లాక్కోబోయింది. కాలు కదల్లేదు.