చిలక బొంత

చెంగమ్మ వ్యాపారం మొదలుపెట్టిన రోజున చేతిలో ఉన్నవి ఇవి: అమ్మ వాడిన కత్తెర, రెండు సూదులు, ఒక నూలుండ, పాండిచ్చేరి గోరిమేడులో పెద్దాసుపత్రి ఎదురుగా, మాడసామి టీకొట్టు పక్కన మనిషి కూర్చునేంత నీడ.

లేనివి పాత చీరలు.

పసిబిడ్డను కొత్తగుడ్డ మీద పడుకోబెట్టరు. పిల్లల్ని కని పెంచిన ఇల్లాలి పాత చీరతో కుట్టిన బొంత కావాలి. కానీ అది ఎనభై ఒకటో సంవత్సరం. పాత చీరకు ఎవర్‌సిల్వర్ స్టీలు గిన్నె ఇచ్చేవాళ్ళు రెడ్డియార్‌పాళయం వీధుల్లో పొద్దున్నే తిరిగేవాళ్ళు. చెంగమ్మ వెళ్ళేసరికి చీరలన్నీ గిన్నెలైపోయేవి.

అయినా ఆమె ఆ నీడ వదల్లేదు. దర్జీల దగ్గర మిగిలిన ముక్కలు ఏరుకొచ్చి సంచులు కుడుతూ కూర్చుంది.

ఒక శుక్రవారం అరియాంకుప్పం బస్సు దిగి ఒక పెద్దావిడ వచ్చింది. నుదుట రూపాయంత బొట్టు, చంకలో మూట. మూటలో వెన్నలాంటి పాత నూలు చీర.

"ఇది తీసుకో పాపా. నన్నూ పక్కన కూసోని కుట్టనీ."

"దీనికి గిన్నె వస్తాది గదవ్వా?"

"ఇద్దరికి వండేదానికి ఎన్ని గిన్నెలు కావాల?"

ఆమె పేరు తాయమ్మాళ్. పిల్లలు పెద్దవాళ్ళై వేరు కాపురాలు పెట్టారని చెంగమ్మ లెక్క కట్టింది.

"పిల్లలు ఎంతమందవ్వా?"

"దారం తెగింది చూడు," అంది తాయమ్మాళ్.

అప్పట్నుంచి ఆమె ప్రతి శుక్రవారం వచ్చి, తన పాత చీర మడతల మీద దర్జీ ముక్కలు పేర్చేది. ఆకుపచ్చ పక్కన పసుపు పెట్టేది. దూరం జరిగి చూసేది. పసుపు తీసి వంకాయరంగు పెట్టి, తనలో తాను నవ్వుకునేది. ప్రతి బొంత మూలలోనూ ఒక చిలకను కుట్టేది.

"ఈ చిలక కుట్టే పొద్దుకు ఇంకో బొంత సగమౌతాది," అంది చెంగమ్మ.

"చిలక లేకపోతే అది బొంత గాదు, గోనెపట్ట."

చెంగమ్మ వాదించింది. కానీ చిలక ఉన్నవే ముందు అమ్ముడయ్యాయి. ఇక వాదించలేదు. మెల్లగా ఆమెకూ ఆ పని రుచి తెలిసింది. పూర్తయిన బొంతను దులిపి పరిస్తే, బేరం రాకముందే కడుపు నిండేది.

కొనేవాళ్ళు మాత్రం చిలక కంటే ముందు అడిగేది ఒకటుంది. "ఎవరి చీర? పిల్లలెందరు?"

"ఐదుగురు," అనేది చెంగమ్మ మొదట్లో. బేరం ఊగిసలాడితే "ఏడుగురు". పోనుపోను "తొమ్మిది మందక్కా, అందరూ గుండ్రాళ్ళలా ఉండారు".

"ఏందక్కా, నిన్న ఏడుగురే గదా? తెల్లారేసరికి కవలలా?" అనేవాడు మాడసామి, టీ తిరగబోస్తూ.

తాయమ్మాళ్ తలెత్తకుండా నవ్వేది. ఎవరైనా బిడ్డను తెచ్చి చూపిస్తే మాత్రం చేతులు కొంగులో దాచుకుని దూరంగా జరిగేది.

అంతమందిని ఎత్తి ఎత్తి విసిగిపోయి ఉంటుందిలే అనుకునేది చెంగమ్మ. తను కల్పించిన లెక్కను అప్పటికి తానే నమ్మేసింది.

నాలుగేళ్ళు గడిచాయి.

రెడ్డియార్‌పాళయంలో ఆండాళమ్మ మాటంటే మాట. ఆమె మెచ్చితే వీధంతా కొంటుంది. వద్దంటే వీధంతా మానేస్తుంది. ఆమె మనవరాలు చిలక బొంత మీదే పెరిగింది. ఇప్పుడు మనవడు పుట్టాడు. నెల తక్కువ బిడ్డ, గుప్పెడంత.

"ఈసారి బొంతొకటే చాలదు చెంగమ్మా. ఆ తొమ్మిది మంది తల్లి వచ్చి తన చేత్తో బిడ్డను పండబెట్టాల. పిలుచుకొని రా."

తాయమ్మాళ్ కొన్ని వారాలుగా రావడం లేదు. చెంగమ్మ బస్సెక్కి అరియాంకుప్పం వెళ్ళి ఇల్లు వెతికి పట్టుకుంది. అరుగు మీద ఆమె భర్త ఆదికేశవన్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన మూట.

"పోయిన అమాసకు కన్నుమూసిందమ్మా. బొంతల పాప వస్తాది, ఈ చీర ఇయ్యి అనింది."

చెంగమ్మ అరుగు అంచున కూర్చుని మూట అందుకుంది. తర్వాత అడిగింది. "పిల్లలు యాడ తాతా?"

"పిల్లలా? మాకు పుట్టనే లేదు. ఉయ్యాల కట్టిన ఇంటికి దాన్ని ఎవురూ రానియ్యలా. శుక్రవారం మటుకు నవ్వుతా బస్సెక్కేది. యాడికని నేనూ అడగలా."

మూట ఒడిలో పెట్టుకుని బస్సులో చెంగమ్మ లెక్క వేసింది. చెప్పకపోతే వ్యాపారం సాగుతుంది. చెబితే ఆ వీధి పోతుంది. లెక్క తేలికే. కానీ చెప్పకపోతే తాయమ్మాళ్ ఎక్కడా మిగలదు. తను కల్పించిన తొమ్మిది మంది తల్లే మిగులుతుంది.

ఆ చీరను బొంతగా కుట్టింది. మూలలో చిలకనూ తానే కుట్టింది. అది కాకిలా వచ్చింది. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ విప్పింది. చిలక అయ్యేదాకా లేవలేదు.

బొంత పట్టుకుని ఆండాళమ్మ వాకిట్లో నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

"పిల్లల్లేరా?" ఆండాళమ్మ గొంతు లేచింది. "గొడ్రాలి చీరనా నా ఇంటికి తెచ్చింది?"

"అవునత్తా. మీ మనవరాలు దాని మీదే బోర్లపడింది, దాని మీదే కూసునింది. అదిగో, ఇప్పుడు మీ తిన్నె మీదనుంచి దూకతా ఉంది చూడండి. ఒద్దంటే ఇది తీసుకొని పోతా. అబద్ధం చెప్పి మటుకు ఇంక అమ్మను."

ఆండాళమ్మ తిన్నె వైపు చూసింది. లోపల పసివాడు సన్నగా ఏడ్చాడు.

ఆమె బొంతను చేతిలోకి తీసుకుంది. చిలకను వేలితో తడిమింది.

"అయితే, వీడు ఆమెకు ఎన్నోవాడు?" అంది.

చిలక బొంతలు వెళ్ళిన ఇళ్ళను గుర్తు చేసుకుంటూ చెంగమ్మ వేళ్ళు ముడవసాగింది. రెండు చేతులూ చాలలేదు.