నవ్వుతూ తిట్టండి

“నవ్వుతూ తిట్టండి. అద్దాల గదిలోంచి ప్రిన్సిపాల్ మనల్నే చూస్తోంది,” అంది భార్య.

ఇంజనీరు ఠక్కున పళ్ళికిలించాడు. “నవ్వుతూనే ఉన్నాను కదే! పిల్లకి నాలుగు ముక్కలు నేర్పమంటే ఇన్నాళ్ళూ ఏం వెలగబెట్టావు?”

“చాల్లెండి సంబడం! ఇంట్లో గడగడా అప్పజెబుతుంది. ఇంటర్వ్యూకి రాగానే నోరు పడిపోతుంది. అంతా మీ పోలికే. ఆఫీసులో మీ బాసు ముందు మీకు పడిపోదూ?”

“మా బాసు జోలికొచ్చావంటే మర్యాద దక్కదు,” అన్నాడు ఇంజనీరు, మరింత తియ్యగా నవ్వుతూ.

ఆ ఇంటర్నేషనల్ స్కూలు వెయిటింగ్ రూంలో ఇంకో రెండు కుటుంబాలున్నాయి. వాళ్ళ కంటికి వీళ్ళిద్దరూ ముచ్చటైన జంట. పరాయి దేశంలో ఉన్న గొప్ప సుఖం ఇదేనండీ, ఎదురుగా కూర్చున్నవాడికి మన భాష రాదు. లిఫ్టులో తిట్టుకోవచ్చు. బస్సులో దెప్పుకోవచ్చు. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి వింటుంటే కూడా ఒకరి వంశాన్నొకరు కడిగేసుకోవచ్చు. మొహానికి కాస్త నవ్వు పులుముకుంటే చాలు. ఈ దేశంలో దిగినప్పటి నుంచీ ఈ మొగుడూ పెళ్ళాలు ఆ సుఖాన్ని ఒక్క పూట కూడా వదులుకోలేదు.

ఇద్దరి మధ్యా ఏడేళ్ళ కూతురు కాళ్ళూపుకుంటూ కూర్చుంది. ముద్దుపేరు పిట్ట.

ఇది మూడో స్కూలు. మొదటి రెండింట్లోనూ ఏమడిగినా పిట్ట బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. సీటు లేదు పొమ్మన్నారు. ఈ ఊళ్ళో ఇంగ్లీషులో చెప్పే స్కూళ్ళు మూడే. మిగతా బడుల్లో ఈ దేశపు భాష తప్ప ఇంకోటి నడవదు. ఇదీ పోయిందంటే తల్లీ పిల్లా మూటా ముల్లె సర్దుకుని మన దేశానికెళ్ళిపోవాల్సిందే. ఇంజనీరు మాత్రం, కడుతున్న వంతెన పూర్తయ్యేదాకా నాలుగేళ్ళు ఒంటరిగా ఇక్కడే పడుండాలి.

అతను నేల మీద గొంతుక్కూర్చుని కూతురి మోకాళ్ళు పట్టుకున్నాడు.

“బంగారుతల్లీ, ఆరూ ఏడూ కలిపితే?”

“పదమూడు.”

“శభాష్! లోపల కూడా ఇలాగే చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుంది?”

“నేనూ అమ్మా వెళ్ళిపోతాం. నువ్విక్కడే ఉంటావు.”

“అదీ! గుర్తుంది కదా. మా అమ్మవి కదూ.”

ప్రిన్సిపాల్ తలుపు తెరిచి చెయ్యి చాపింది. పిట్ట బుద్ధిగా లేచి ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళింది.

అద్దంలోంచి అంతా కనిపిస్తోంది గానీ వినిపించడం లేదు. ఆవిడ బొమ్మల కార్డులు చూపించింది. పుస్తకం తెరిచి ముందు పెట్టింది. పెన్సిలిచ్చింది. పిట్ట ఒళ్ళో చేతులు పెట్టుకుని బల్ల వంక చూస్తూ ఉండిపోయింది.

“అయిపోయింది. తల దించేసింది,” అన్నాడు ఇంజనీరు నవ్వు చెదరనీకుండా.

“పొద్దున కార్లో మీరు అంతలా అరవకపోతే చక్కగా చెప్పేది.”

“నేను అరిచానా? టిఫిన్ బాక్సు విసిరికొట్టిందెవరో?”

“మా నాన్ననంటే విసరక నెత్తిన పెట్టుకుంటానా?”

ఎదురుగా కూర్చున్న ముసలావిడ వీళ్ళని చూసి ముచ్చటపడి నవ్వింది. భార్య కూడా ఆవిడకేసి చూసి చక్కగా నవ్వి, అదే నవ్వుతో అంది: “ఈ జన్మకి మీతో వేగలేనండీ. నా వల్ల కాదు.”

తలుపు తెరుచుకుంది. ప్రిన్సిపాల్ ఇద్దరినీ పక్కకి పిలిచింది.

“పాప చాలా నెమ్మదస్తురాలు. కానీ ఒక్కదానికీ జవాబివ్వలేదు. తన పేరు కూడా చెప్పలేదు. క్షమించండి, మేం చేర్చుకోలేం.”

“మేడమ్, దానికి అన్నీ వచ్చు. ఇంకొక్కసారి అడగండి. నేను పక్కన కూర్చుంటాను,” అంది భార్య. ఆ మొహంలో ఇప్పుడు నవ్వు లేదు. ఇంజనీరు ప్రిన్సిపాల్ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. ఆవిడ జాలిగా తల అడ్డంగా ఊపి, తర్వాతి పిల్లాడిని పిలిచింది.

కారెక్కి తలుపులు వేసుకున్నాక ఇక నవ్వాల్సిన పని లేకపోయింది. “నీ వల్లే!” “మీ వల్లే!” అంటూ గొంతు పోయేలా అరుచుకున్నారు. అరిచి అరిచి ఆమె పమిటలో మొహం దాచుకుంది. “అక్కడికెళ్ళి నేనొక్కదాన్నే ఎలా నెట్టుకురావాలి దేవుడా,” అంది. ఇంజనీరు స్టీరింగు మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. అంత మనిషి అలా ఏడవడం పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె చూడలేదు. ఓదారుద్దామని చెయ్యి వెయ్యబోయింది. అంతలోనే వెనక్కి తీసుకుంది.

పిట్ట వెనక సీట్లోంచి ముందుకి వంగి, గౌను అంచుతో తండ్రి చెంపలు తుడిచింది.

ఇంజనీరు ఆ చిన్న చెయ్యి పట్టుకున్నాడు. “నాలుగేళ్ళు నిన్ను చూడకుండా ఎలా ఉండనురా నాన్నా? ఆవిడ అడిగిన వాటిల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కూడా రాలేదా నీకు?”

“అన్నీ వచ్చు నాన్నా,” అంది పిట్ట గుసగుసగా. “చెబితే సీటిచ్చేస్తారు. అప్పుడు నువ్వూ అమ్మా ఒకే ఇంట్లో ఉండాలి కదా!”