వెనక తలుపు

మెట్లు ఎక్కుతూ పెద్దాయన లెక్కపెట్టాడు. ఇరవై ఆరు. అన్నీ చెక్కవే. ఎదురుగా ఒక మనిషి దిగితే గోడకు అంటుకుని నిలబడాల్సిందే.

"లెక్కలు తర్వాత, ముందు నడువు నాన్నా," అంది వెనక నుంచి కూతురు.

పాత బజారులోని ఆ వీధికి సాయంత్రమైతే సంగీతమే ఊపిరి. నూరేళ్ల నాటి మేడలు, మేడకో పాట. అన్నిటికంటే పాత మేడలో, పై అంతస్తు హాల్లో, ఈరోజు అల్లుడి మొదటి గిటారు కచేరీ. వారం నుంచీ ఆ హాలు వద్దంటూనే ఉన్నాడు పెద్దాయన. ఎవరూ చెవిన పెట్టలేదు.

నూట యాభై మంది పట్టే చోట మూడు వందల మంది ఉన్నారు. కూతురి పొట్ట చూసి ఎవరో ఒకావిడ లేచి తన కుర్చీ ఇచ్చింది. ఆ మాత్రం దయకే ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇంటికెళ్దాం రామ్మా. పాట కింద వీధిలోకి కూడా వినిపిస్తుంది."

"నన్ను చూస్తూ వాయిస్తానన్నారు ఆయన. నేను వీధిలో నిలబడితే ఎలా? నూరేళ్లు నిలబడ్డ మేడ, నువ్వొచ్చావని ఇవాళే కూలుతుందా?"

ఆయన భయం కూలుతుందని కాదు. వేదిక పక్కన వేడెక్కిన దీపం తెరకు జానెడు దూరంలో ఉంది. దాని వైరుకు మూడు చోట్ల అతుకులు.

జనాన్ని తోసుకుంటూ వెనక తలుపు దగ్గరికి వెళ్లాడు. దానికి అడ్డంగా డ్రమ్ముల పెట్టెలు. సందులోంచి చెయ్యి దూర్చి గడియ లాగాడు. తుప్పు. కదల్లేదు. వెనక్కి తిరిగితే అన్ని తలల మధ్య కూతురు కనిపించలేదు.

ఎదురొచ్చిన హాలు మేనేజరును చెయ్యి పట్టుకుని ఆపాడు.

"బాబూ, ఈ పెట్టెలు తీయించు. మా అమ్మాయి వట్టిమనిషి కాదు. నిప్పంటుకుంటే వీళ్లంతా ఎటు పోతారు?"

మేనేజరు కసురుకోలేదు. మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చాడు.

"కాస్త కూర్చోండి బాబాయ్ గారూ. ఏటేటా అగ్నిమాపక అధికారి స్వయంగా వచ్చి, ప్రతి తలుపూ తీసి చూసి మరీ సర్టిఫికెట్ ఇస్తారు. అదుగో, పటం కట్టించి గోడకు పెట్టాం."

వేదిక మీద అల్లుడు తీగ మీటాడు. గోల లోపలికి రాకుండా ఎవరో మెట్ల వైపు తలుపు మూసేశారు.

పెద్దాయన పటం వైపు చూడలేదు. అందులో ఉన్నది, ఏడేళ్లుగా ఒక్కసారి కూడా ఈ మెట్లెక్కకుండా తన ఆఫీసు గదిలోనే కూర్చుని తాను పెడుతూ వచ్చిన సంతకమే.