ఒక్క మేకు కూడా

డ్రిల్లు బయటికి లాగగానే గోడలోంచి నీళ్లు చిమ్మి అతని కళ్లద్దాల మీద పడ్డాయి. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక బొటనవేలు ఆ చిల్లులో పెట్టి అదిమాడు. నీళ్లు ఆగాయి. అతనూ ఆగిపోయాడు, అక్కడే, ఆ గోడకు అతుక్కుని.

అసలు తప్పు మొదటి చిల్లుది. కూతురి పుస్తకాల కోసం షెల్ఫు బిగిస్తే ఒక కొస రెండంగుళాలు కిందికి వాలింది. పెట్టిన పుస్తకాలన్నీ జారుడుబల్ల మీద పిల్లల్లా ఒకదాని వెనక ఒకటి జారి నేల మీద పడ్డాయి. వడ్రంగిని పిలుద్దామని భార్య నెత్తీనోరూ కొట్టుకుంది. ఆ మాత్రం సరిచేయడం చేతకాదా అంటూ ఈయనగారు రెండంగుళాలు పైన ఇంకో చిల్లు పెట్టారు. సరిగ్గా అక్కడే ఉంది పైపు.

"సరయిందా?" అంది భార్య గుమ్మంలోంచి.

"మేడ మీద వాల్వు కట్టెయ్యాలి. తాళం ఎవరి దగ్గరుంది?"

"ఇంకెవరి దగ్గర? ఓనరు దగ్గర."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు కింద వాటాలో ఉండే ఓనరు పెట్టిన షరతు ఒక్కటే. గోడకు ఒక్క మేకు కూడా కొట్టకూడదు, కొడితే ఆ నెలలోనే ఖాళీ. పక్క వాటావాళ్లు క్యాలెండరు తగిలించుకున్న పాపానికి సామాన్లు సర్దుకున్నారు. కూతురికి పది రోజుల్లో పరీక్షలు. ఇప్పుడు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని ఇళ్ల వెంట తిరిగితే ఆ పిల్ల చదువు అటకెక్కినట్టే.

అప్పుడే బెల్లు మోగింది. తలుపు కన్నంలోంచి చూసి, ఓనరే అని భార్య సైగ చేసింది. డ్రిల్లు సోఫా కిందికి తోసి, నేల మీద తడిని పాత తువ్వాలు వేసి కాలితోనే తుడిచి, అప్పుడు తలుపు తీసింది.

ఓనరు లోపలికొచ్చాడు. చొక్కా ముందు భాగమంతా తడి. గోడ దగ్గరున్న అతను అది చూశాడు. నీళ్లు గోడలోంచి దిగి కింద వాళ్లింట్లో కారుతున్నాయన్నమాట.

"అలా నిలబడ్డారేం?" అన్నాడు ఓనరు.

"నడుం పట్టేసిందండీ," భార్య అందుకుంది. "గోడ పట్టుకుని కదలకుండా నిలబడమన్నాడు డాక్టరు."

ఓనరు మాటవరసకైనా అయ్యో అనలేదు. కుర్చీ అంచున కూర్చున్నాడు. ఎండలు మండిపోతున్నాయన్నాడు. అమ్మాయి పరీక్షలెప్పుడని అడిగి, జవాబు వినిపించుకోలేదు. టీ వద్దన్నాడు. ఏదో అనబోతాడు, మింగేస్తాడు, వాచీ చూసుకుంటాడు. లేచి వెళ్లే సూచనలు మాత్రం ఏ కోశానా కనిపించలేదు.

ఇక్కడ ఇతని వేలు తిమ్మిరెక్కి చచ్చుబడిపోయింది. ఎంత అదిమినా సన్నటి ధార ఒకటి మణికట్టు మీదుగా పాకి, మోచేతి దగ్గర మలుపు తిరిగి, చంకలోకి దిగుతోంది. కదిలితే బండారం బయటపడుతుంది. కదలకపోతే వేలు ఊడేలా ఉంది. కూర్చోలేడు, ఆయన్ని పొమ్మనలేడు, కనీసం చెమటైనా తుడుచుకోలేడు. చేజేతులా తెచ్చిపెట్టుకున్న జైలు. ఏడుపొక్కటే తక్కువ.

ఓనరు లేచి గోడ దగ్గరికొచ్చాడు. అతని వేలికి జానెడు దూరంలో అరచేత్తో తడిమాడు.

"ఈ గోడల్లో పైపులు ఎట్నుంచి ఎటు పోతాయో మీకేమైనా తెలుసా?"

"తెలీదండీ," అన్నాడతను. తెలిసే వెటకారంగా అడుగుతున్నాడనుకున్నాడు.

"ఇందాక డ్రిల్లు చప్పుడు వినిపించింది," అన్నాడు ఓనరు నేల చూపులు చూస్తూ. "మీ ఇంట్లోంచేనా?"

అతనికి ఓపిక అయిపోయింది.

"తప్పయిపోయిందండీ. షెల్ఫు వంకర సరిచేయబోయి పైపుకు చిల్లు పెట్టాను. పరీక్షలయ్యేదాకా ఉండనివ్వండి. ఆ మర్నాడే ఖాళీ చేసేస్తాం," అంటూ రెండు చేతులూ జోడించాడు.

నీళ్లు సూటిగా వెళ్లి ఓనరు మొహాన కొట్టాయి. అతను హడలిపోయి మళ్లీ వేలు పెట్టాడు. ఓనరు కోప్పడలేదు, పక్కకైనా తప్పుకోలేదు. మొహం తుడుచుకోకుండానే జేబులోంచి తుప్పుపట్టిన వాల్వు పిడి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"మేడ మీదికెళ్లి కట్టబోతే ఊడి చేతికొచ్చింది," అన్నాడు నీరసంగా. "డ్రిల్లు పట్టే మనిషి కదా, పైపు పనీ వచ్చేమో అడుగుదామని వచ్చాను. కింద మా ఆవిడ అరగంట నుంచి నేను మేకు కొట్టిన చిల్లులో వేలు పెట్టుకుని నిలబడి ఉంది."