తువ్వాలు పరిచిన కుర్చీ

తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన ఒకాయన కారు దిగి, నేరుగా వచ్చి ముందు వరసలో తువ్వాలు పరిచిన కుర్చీలో కూర్చున్నాడు.

తెర సందులోంచి చూస్తున్న తిరుమల గభాల్న వెనక్కి తిరిగాడు.

"అన్నా, గా కుర్చీల ఎవలో కూసున్నరు!"

జూలూరుపాడు అవతల ఆ ఊళ్లో అదొక ఆచారం. ఏ ఆట ఆడినా ముందు ఒక కుర్చీ మీద తువ్వాలు పరిచి దొర ఇంటివాళ్లకు వదిలేస్తారు. వాళ్లు రాకపోయినా సరే, ఇంకెవరూ అందులో కూర్చోరు.

"ఇంకెవలు? దొర బంగ్లా నుంచే వచ్చుంటరు," అన్నాడు ప్రేమ్‌సాగర్.

నాటకం అతనిదే. రాసిందీ, ఆడించేదీ, సన్నాయి కళాకారుడి వేషం కట్టేదీ అతనే. కథ మాత్రం ఈ ఊరిది. ఊరేగింపులో చెప్పులు విడిచి, తువ్వాలు నడుముకు చుట్టి ఊదమని దొర హుకుం వేస్తే, "కూసోబెడితేనే ఊదుత" అన్న బిక్షపతి కథ. దెబ్బలు తిని ఊరు విడిచాడు. ఎక్కడో చచ్చిపోయాడంటారు.

చివరి రంగంలో దొర "మొక్కు" అంటాడు. బిక్షపతి మొక్కడు. ఆ రంగం మార్చమని ఎందరు పెద్దలు చెప్పినా ప్రేమ్‌సాగర్ ససేమిరా అన్నాడు.

"ఆఖరు సీను మార్చుదమా అన్నా?" దొర వేషంలో ఉన్న తిరుమల అడిగాడు. "లేకుంటే ఈ దిక్కు మనల మళ్ల స్టేజి ఎక్కనియ్యరు."

"ఉట్టిగ భయపడకు."

తిరుమలకు ధైర్యం చెప్పాడు గానీ, తనకు చెప్పేవాళ్లే లేకపోయారు.

ఆట మొదలైంది. పెద్దాయన రెప్ప వేయకుండా చూస్తున్నాడు. నవ్వడు, చప్పట్లు కొట్టడు. ఆ చూపు తగిలినకొద్దీ ప్రేమ్‌సాగర్ గొంతు మెత్తబడుతూ వచ్చింది.

"మొక్కురా!" చివరి రంగంలో తిరుమల గర్జించాడు.

ప్రేమ్‌సాగర్ సన్నాయిని దొర కాళ్ల దగ్గర పెట్టి, సాష్టాంగపడ్డాడు.

పెద్దాయన లేచి వెళ్లిపోతున్నాడు.

ప్రేమ్‌సాగర్ వేషంతోనే ఉరికి, కారు దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"తప్పులుంటె మన్నించాలె దొరా."

"ఎందుకు మొక్కినవు బిడ్డా?"

"మీరు ముందల కూసున్నరు గద దొరా."

పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు, తీసేశాడు, కారెక్కాడు.

ఎవరు చెప్పినా వంచని తల ఇవాళ వంచానే అని ప్రేమ్‌సాగర్‌కు సిగ్గేసింది. పోనీ, పెద్దవాళ్ల పగ తప్పింది కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఇంతలో, నాటకం వాళ్లకు అన్నం వండుతున్న సమ్మక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉరికొచ్చింది.

"పోయిండా? వంట కాడ తెమలకపోతి. జెర ఆపకపోయినవా సారూ?"

"ఎవలమ్మా ఆయన? దొరోళ్ల సుట్టమా?"

"దొరోళ్ల సుట్టమేంది? కారు కిరాయికి మాట్లాడుకొని చర్ల నుంచి వచ్చిండు. సచ్చిండని ఊరంత అనుకునే మా మేనమామ బిక్షపతి గాయనే సారూ, ఆయన లెక్కనే నువ్వు మొక్కకుంట నిలబడ్తవని నేను చెప్తే, సూడాలని ఇన్నేండ్లకు ఈ ఊర్ల అడుగువెట్టిండు."